దసరా సెలవులకు ఎక్కడికి పోవాలి?

అందరికీ నమస్కారం. లెక్చరర్లు, ఎన్ఎస్ఎస్ పిల్లలు, హనుమకొండలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఇంతమంది వచ్చినందుకు సంతోషం. అద్దెకిచ్చేవాళ్లతోనే నాకు ఎక్కువ పని. ఆ సంగతి తర్వాత చెప్తాను.

హోమ్‌లలో, అంటే దిక్కులేని పిల్లలను ఉంచే ఆశ్రమాల్లో పెరిగిన పిల్లల గురించి సభ అనగానే కన్నీళ్లు పెట్టించే కథ ఏదో వింటామని వస్తాం. తల్లి ఎట్లా పోయింది, కాజీపేట జంక్షన్‌లో ఎవరికి దొరికాడు... అవి నేను చెప్పను. పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం అటుంచండి, పద్దెనిమిది నిండాక కూడా వాళ్ల కథ వాళ్లదే. కేకు కోయించి, పిల్లలతో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టుకునే దాతలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంటి సంగతి చెప్తాను, అదీ మా అమ్మాయి ఒప్పుకున్నంత వరకే. ఫాస్టర్ కేర్ కింద మా దగ్గరికి వచ్చింది. ఇది దత్తత కాదు. బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో పిల్ల మన ఇంట్లో పెరుగుతుంది, కన్నవాళ్లుంటే ఆ బంధం తెగదు. వచ్చిన కొత్తలో సబ్బు మీద పిన్నీసుతో తన పేరులోని మొదటి అక్షరం గీసుకునేది. హోమ్‌లో సబ్బులు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లట. "ఇక్కడ ఎవరు తీస్కుంటరే?" అంటే "అలవాటు పెద్దమ్మా" అనేది. అరిగినకొద్దీ మళ్లీ గీసేది. ఓ రోజు మా ఆయన తన సబ్బు మీద కూడా అక్షరం గీసి పెట్టాడు. అది చూసి పడీపడీ నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో సబ్బులన్నిటికీ పేర్లే.

ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా ఇట్లా పిల్లలను పెంచుకోవచ్చని 2024లో మార్గదర్శకాలు మార్చారు. రెండేళ్లు పెంచాక దత్తతకూ అడగొచ్చు. అంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది.

అసలు టెన్షన్ పద్దెనిమిది నిండాక మొదలవుతుంది. హోమ్ నుంచి బయటికొచ్చేవాళ్లకు ఆర్థిక సాయం చేయొచ్చని చట్టంలోనే 46వ సెక్షన్ ఉంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు, 21 ఏళ్ల దాకా, అవసరమైతే 23 దాకా. ఆ డబ్బుతో గది, తిండి, బస్ పాస్ ఎట్లా వెళ్తాయో మీరే లెక్కేయండి. ఇట్లాంటిది ఒకటుందని తెలియకుండానే గేటు దాటినవాళ్లూ ఉన్నారు.

సర్టిఫికెట్ల దగ్గర ఇంకో చిక్కు. కుల ధ్రువీకరణకు పోతే "మీ నాన్నది పట్టుకురా" అంటారు. పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసే దిక్కులేక, సర్కారు నడిపే లేదా గుర్తించిన ఆశ్రమంలో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ కిందికి వస్తారు. లెక్చరర్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు, అడ్మిషన్ల టైమ్‌లో పనికొస్తుంది.

ఇక అద్దె గదులు. నయీంనగర్‌లో ఒక అబ్బాయి గది అడిగాడు. ఉద్యోగం ఉంది, అడ్వాన్స్ చేతిలో ఉంది. "అమ్మానాన్నలను తీసుకొచ్చి మాట్లాడించు" అన్నారు ఓనర్. ఏమీ అనకుండా మెట్లు దిగి వచ్చేశాడు. మా ఆయన వెళ్లి "మావాడే, పూచీ నాది" అంటే తాళం చేతికొచ్చింది. ఓనర్ చెడ్డవాడేమీ కాదు, మనమైనా అదే అడుగుతాం. ఆ పూచీ పడే మనిషి కావాలి, అంతే. ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది పడతారో పేర్లు రాసివ్వండి.

దసరాకు హాస్టల్ మెస్ మూస్తారు. అందరూ బ్యాగులు సర్దుకుంటారు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. ఆడబిడ్డలంతా పుట్టింటికొచ్చే పండుగ. హోమ్‌లో పెరిగిన పిల్ల ఎక్కడికి పోవాలి? ఇంటికి పిలవండి. కానీ ఒక్క ఏడు పిలిచి మర్చిపోయేటట్టయితే అసలు పిలవకండి. అట్లాంటి పిలుపులు వాళ్లు చాలా చూశారు.

ఇప్పుడు మా అమ్మాయి మాట్లాడుతుంది. నర్సింగ్ డ్యూటీ గురించి, మొదటి జీతం గురించి చెప్తానంది. ప్రశ్నలు వాటి మీదే అడగండి. ఫోన్లు లోపల పెట్టండి, వీడియో వద్దు. రా అమ్మా, మైక్ తీసుకో.