మేడారంలో గుడారం, మూడు రాళ్ల పొయ్యి

తమ్ముడు: అందరికీ నమస్తే. ఇవ్వాళ్టి ముచ్చట, చుట్టాలతో అడవిలో గుడారం వేసుకుని ఉండటం, వండుకు తినడం. అక్క, అంటే మా పెద్దమ్మ బిడ్డ, ఒక లిస్టు రాసుకొచ్చింది.

అక్క: రాసుకొచ్చాను గానీ, నువ్వు చదవనిస్తావా?

తమ్ముడు: చదువు. నీలం బకెట్ మాత్రం అందులో ఉండొద్దు.

అక్క: మొదటిదే అది. [నవ్వులు] పాత ఎపిసోడ్లు విన్నవాళ్లకు తెలుసు, మళ్లీ చెప్పను. మొన్న జనవరి 28 నుంచి 31 దాకా మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు పోయి వచ్చాం కదా, అప్పటినుంచి ఒకటే మెసేజ్‌లు. ఎట్లా ఉండాలి, ఏం పట్టుకుపోవాలి అని. గబగబా చెప్పేస్తాను. టార్పాలిన్లు రెండు, పైకి ఒకటి, కిందికి ఒకటి. కింద వరిగడ్డి పరిచి దాని మీద వెయ్యండి, తెల్లవారుజామున నేల చలి ఊరికే వదలదు. కట్టెలు వెంట తెచ్చుకోండి, అడవిలో పచ్చి చెట్టు మీద చెయ్యి వెయ్యకండి. ఉప్పు రెండు ప్యాకెట్లు, రెండు వేర్వేరు సంచుల్లో. ఎందుకో ఉప్పు మామ ఎపిసోడ్ విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పోయేటప్పుడు ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కి...

తమ్ముడు: అక్కడే తాత ఎడ్లను విప్పేవాడు.

అక్క: వచ్చింది బండి. నా లిస్టు సగం కూడా కాలేదు.

తమ్ముడు: ఒక్క నిమిషం అక్కా. ఇప్పటి పిల్లలకు ఇది తెలియాలి. 1996లో ఈ జాతరను రాష్ట్ర పండుగ చేశారు కదా, అప్పటికి కూడా మన ఊరి నుంచి బండ్లు కట్టుకునే పోయేవాళ్లు. పైన గూడు కట్టిన సవారి కచ్చురం. లోపల ముసలివాళ్లు, పసిపిల్లలు, బియ్యం సంచి. బండి కింద లాంతరు. వెనక మొక్కు యాట, అదే గొర్రెనో మేకనో, నడిచి వచ్చేది. పరకాల నుంచి అంటే దారిలోనే రాత్రులు గడిచేవి. ఎక్కడ ఆగితే అక్కడ పొయ్యి. జంపన్నవాగు ఇసుకలో చెలిమె తవ్వితే నీళ్లు ఊరేవి, ఆ నీళ్లతోనే అన్నం.

అక్క: ఆ చెలిమె ఎవరు తవ్వేవాళ్లు?

తమ్ముడు: అందరూ.

అక్క: అందరూ అంటే?

తమ్ముడు: ...అమ్మమ్మ, పెద్దమ్మ, అమ్మ.

అక్క: అదీ. సరే, తిండి సంగతి చెప్పు, అది నీకు బాగా తెలుసు.

తమ్ముడు: తెలుసు మరి. యాటను కోసిన పొద్దున మొదట నల్ల, అంటే గడ్డకట్టిన రక్తం, వేపుతారు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి. అది పిల్లలకు. తర్వాత బోటి. మధ్యాహ్నం కూర. రాత్రికి తలకాయ, కాళ్లు, చారు లాగా పలుచగా, ఎందుకంటే అప్పటికి చలి మొదలవుతుంది. తెల్ల అన్నమే, బగారా కాదు. మోదుగాకు విస్తర్లలో వడ్డిస్తే ఆ ఆకు వాసన అన్నానికి పడుతుంది. ఈసారి జనం థర్మకోల్ ప్లేట్లు ఎక్కడివక్కడ పడేసి పోయారు, వాగు ఒడ్డున చూస్తే కడుపు తరుక్కుపోయింది. బండ్ల కాలంలో మిగిలిన విస్తరి ఎడ్లు తినేవి.

అక్క: ప్లేట్ల సంగతి నిజమే, నాకూ కోపం వచ్చింది. పక్క గుడారం వాళ్లకు సంచి ఇచ్చి మరీ ఏరించాను. కానీ నేను ఒక నిర్ణయానికి వచ్చాను, ఇక్కడే చెప్తున్నా. 2028 జాతరకు మనం వండం. హన్మకొండలో ఆర్డర్ ఇచ్చి ట్రేలలో తీసుకుపోతాం.

తమ్ముడు: ఏంటి?

అక్క: విన్నావు కదా.

తమ్ముడు: అక్కా, మేడారంలో ట్రే తెరిచి తింటామా? పొయ్యి లేకపోతే అది జాతర ఎట్లా అవుతుంది? అమ్మవారికి యాటను మొక్కి, అక్కడే కోసి, అక్కడే వండి, పక్క గుడారం వాళ్లకు కూడా ఒక గిన్నె పంపాలి. అదంతా మొక్కులో భాగమే.

అక్క: మొక్కులో భాగమే, కాదనను. నేను అడిగేది ఒక్కటే. గురువారం పొద్దుమూకే వేళ నువ్వు ఎక్కడున్నావు?

తమ్ముడు: చిలుకలగుట్ట దారిలో, సమ్మక్కను గుట్ట మీది నుంచి తెచ్చే దారి. ఊపిరాడని జనం. తల్లికి ఎదురుగా కోళ్లను ఎగరేస్తున్నారు, పూనకం వచ్చిన శివసత్తులు ఊగుతున్నారు. పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చారు, ఒక్కసారిగా అంతమంది సమ్మక్క తల్లీ అని అరిచారు, నా ఒళ్లు జలదరించింది. ఇప్పుడు చెప్తుంటే కూడా...

అక్క: అమ్మ ఎక్కడుంది?

తమ్ముడు: పెద్దమ్మా? గుడారం దగ్గర.

అక్క: కూర దగ్గర. అమ్మకు పెళ్లయిన కాడినుంచి ఏ జాతర తప్పలేదు. పిల్లలను ఎత్తుకుని పోయింది, జ్వరంతో కూడా పోయింది. సమ్మక్క గుట్ట దిగి గద్దెకు వచ్చే పొద్దు ఒక్కసారి కూడా చూడలేదు. అప్పుడే కదా మీరందరూ ఆకలితో తిరిగొచ్చేది, అప్పటికి కూర ఉడికి ఉండాలి. ఈసారి నేను పక్కనే ఉన్నాను, తుపాకుల చప్పుడు వినపడింది. అమ్మ తెడ్డు పక్కన పెట్టి, అటు తిరిగి చేతులు జోడించింది. "తల్లి దిగింది బిడ్డా" అని మళ్లీ తెడ్డు తీసుకుంది.

[కొద్దిసేపు మౌనం]

తమ్ముడు: ఇది నువ్వు నాకు చెప్పలేదు.

అక్క: ఇప్పుడు చెప్తున్నా.

తమ్ముడు: కానీ పెద్దమ్మకు వండి పెట్టడం ఇష్టం కదా అక్కా. ఎవరు ఎంత చెప్పినా తెడ్డు ఇవ్వదు.

అక్క: ఇష్టమే. ఇంట్లో మూడొందల అరవై రోజులూ వండుతుంది, అక్కడ కూడా ఇష్టమేనా అని మనలో ఎవరైనా అడిగామా? నీకు బండి గుర్తు, లాంతరు గుర్తు, మోదుగాకు వాసన గుర్తు. చిన్నమ్మను, అదే మీ అమ్మను, అడుగు ఏం గుర్తుందో. పొగకు కళ్లు మండేవి, పసిపిల్ల చంకలో ఉండేది, బగోనె అడుగు మాడితే మామ ఏమంటాడో అని భయం. ఆమె చెప్పే మేడారం వేరు.

తమ్ముడు: సరే. నా మాట కూడా విను. అదే పొయ్యి దగ్గరే కదా మనకు అన్నీ తెలిసింది. నన్ను చిన్నప్పుడు త్రాసులో కూర్చోబెట్టి ఎత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, తూచారని, నేను బెల్లం కొరికేశానని, అవన్నీ అమ్మ వెల్లుల్లి పొట్టు తీస్తూనే చెప్పింది. సంపెంగవాగుకు జంపన్నవాగు అని పేరెందుకు వచ్చింది, కాకతీయుల సైన్యంతో కొట్లాటలో సమ్మక్క కొడుకు జంపన్న అందులో ఎట్లా పడ్డాడు, నేను బళ్లో వినలేదు, ఆ పొయ్యి దగ్గర విన్నాను. ట్రే మూత తీస్తే పది నిమిషాల్లో తినేసి ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. కూర ఉడికేంతసేపే మనవాళ్లు ఒకచోట కూర్చుంటారు.

అక్క: ఊఁ. అది కాదనలేను.

తమ్ముడు: బండిలో కూడా అంతే, కదిలే దారి లేదు కాబట్టి మాట్లాడుకునేవాళ్లు.

అక్క: బండిని వదలవు కదా. అయితే పొయ్యి ఉంటుంది. తెడ్డు ఎవరు పడతారు?

తమ్ముడు: నేను, మామ, బావ. గురువారం మధ్యాహ్నం నుంచి మేమే.

అక్క: బోటి ఎవరు కడుగుతారు?

తమ్ముడు: ...

అక్క: బోటి! వేడినీళ్లు పోసి, తిరగేసి, పసుపు, ఉప్పు వేసి రుద్ది, మళ్లీ కడిగి. కూర అంటే ఉడికించడం ఒక్కటే కాదు.

తమ్ముడు: నేర్చుకుంటాను. వచ్చే ఏడు మినీ మేడారం, పెద్ద జాతర లేని ఏడు జరిగే చిన్న జాతర, ఉంది కదా, అప్పుడే మొదలుపెడతాను. జనం తక్కువ, తీరిగ్గా వండొచ్చు.

అక్క: రికార్డయింది, వింటున్నారు అందరూ. చిలుకలగుట్ట దారిలో అమ్మకు మోకాళ్ల నొప్పి, అంతసేపు నిలబడలేదు. గద్దెల దగ్గరికైతే తోపులాట. ఊరట్టం వైపో కన్నెపల్లి వైపో గుడారం వేస్తే సమ్మక్క బిడ్డ సారలమ్మనైనా దగ్గర నుంచి చూస్తుందేమో...

తమ్ముడు: సమ్మక్కనే చూపిద్దాం. కుర్చీ తీసుకుపోతాను. మధ్యాహ్నమే పోయి దారి పక్కన చోటు పట్టుకుని కూర్చోబెడదాం, నువ్వు పక్కన ఉండు, మేం కూర చూసుకుంటాం.

అక్క: అంటే నువ్వు చూడవు ఆ పొద్దు.

తమ్ముడు: చూడను.

అక్క: అనుకున్నంత తేలిక కాదు తమ్మీ, ఇక్కడ కూర్చుని చెప్పడం వేరు.

తమ్ముడు: తెలుసు. అక్కా, లిస్టులో ఇంకా ఏమున్నాయి?

అక్క: టార్చిలైటు, పసుపు, కుంకుమ, జాకెట్ ముక్కలు, ఒడి బియ్యం, పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం. ఆ కాగితం మరిచిపోకండి, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పొద్దంతా వినిపిస్తూనే ఉంటాయి. ఇంటికి వచ్చాక బంగారం ప్రసాదం వాడకట్టు అందరికీ... ఫోన్ మోగుతోంది చూడు.

తమ్ముడు: పెద్దమ్మ.

అక్క: ఎత్తు. స్పీకర్లో పెట్టు, కుర్చీ సంగతి నువ్వే చెప్పు.

తమ్ముడు: పెద్దమ్మా, ఆఁ, చెప్పు. కాదు, తినలేదు ఇంకా. అక్క ఇక్కడే ఉంది... ఏంటి, ఉప్పా? అక్కా, రికార్డింగ్ ఆపు ముందు.