ప్రెషర్ సంగతి తర్వాత, ముందు పౌడర్ సరిగ్గా నింపండి

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా ఉన్న మీ అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ఫ్లోరోపాలిమర్ పౌడర్ల ఐసోస్టాటిక్ మోల్డింగ్: అవకాశాలు’. అంటే టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ పొడిని అన్నివైపులా సమానంగా నొక్కి వస్తువులు చేయడం. అవకాశాల గురించి నా తర్వాత మాట్లాడేవాళ్లు చెబుతారు, వాళ్ల దగ్గర స్లైడ్లు కూడా ఉన్నాయి. నా దగ్గరున్నది ఒక ఫిర్యాదు. ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: “మీ ప్రెస్ ఒత్తిడి ఎన్ని బార్లు?” పౌడర్ ఎలా నింపుతారని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి నా గోడు మొదలుపెడతాను. పీటీఎఫ్ఈ, అంటే మనం టెఫ్లాన్ అని పిలుచుకునేది, మిగతా ప్లాస్టిక్‌ల దారిలో నడవదు. 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ పారదు. ఓవెన్ 380 డిగ్రీలకు చేరాక తెల్లటి దిమ్మ కాస్తా మసక గాజులా తేలిపోతుంది, అయినా నిలబెట్టినచోట నిలబడే ఉంటుంది. అప్పుడు దాని జిగట ఇంజెక్షన్ మెషిన్‌లో వాడే మామూలు ప్లాస్టిక్‌తో పోలిస్తే కోటి రెట్లకు పైమాటే. అందుకే మామూలు గది వేడిలో నొక్కి ఆకారం తెచ్చి, తర్వాత ఓవెన్‌లో సింటర్ చేస్తాం, అంటే వేడికి పౌడర్ రేణువులు ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తాం.

స్టీల్ డైలో పైనుంచి నొక్కితే గోడల రాపిడికి ఒత్తిడి లోపలికి దిగేకొద్దీ తగ్గిపోతుంది. ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా తయారవుతుంది. పైగా ఎల్బోలనే వంపు గొట్టాలు, వాల్వ్ బాడీలు, ఒకవైపు మూసుకున్న గొట్టాలు ఆ డైలో వచ్చే పని కాదు. లావుపాటి రాడ్ తెచ్చి లేత్ మీద చెక్కుదామంటే ఒక్కోసారి సగం పైనే పొట్టు అవుతుంది. కరిగి పారని సరుకు కాబట్టి ఆ పొట్టును కరిగించి మళ్లీ పోసుకోవడం కుదరదు.

ఐసోస్టాటిక్‌లో పద్ధతి వేరు. రబ్బరు బ్యాగ్, లోపల మాండ్రెల్, అంటే లోపలి ఆకారాన్నిచ్చే స్టీల్ దిమ్మ, రెంటి మధ్య సందులో పౌడర్. గాలి లాగేసి, మూత బిగించి, నీళ్లున్న వెసెల్‌లో దించి 150 నుంచి 350 బార్ల దాకా ఒత్తిడి పెడతాం. నీళ్లు ఒక వైపును ఎక్కువగా, ఒక వైపును తక్కువగా నొక్కవు. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిందే. దాంతో సాంద్రత అంతటా ఒకేలా వస్తుంది.

ఇక్కడే అందరూ బోల్తా పడుతున్నారు. సాంద్రత సమానంగా వస్తుంది సరే, గోడ మందం కూడా సమానంగా వస్తుందని ఎవరు చెప్పారు? సులువుగా జారే ఫ్రీఫ్లో పౌడర్ బల్క్ డెన్సిటీ, అంటే వదులుగా పోసినప్పటి సాంద్రత, ఘన సెంటీమీటరుకు సుమారు 0.8 గ్రాములు. సింటర్ అయిన వస్తువు సాంద్రత 2.15 దగ్గర. అంటే 5 మిల్లీమీటర్ల గోడ కావాలంటే 13, 14 మిల్లీమీటర్ల పౌడర్ పొర ఉండాలి. ఒకచోట 9 మిల్లీమీటర్లే ఉందనుకోండి, నొక్కాక అక్కడ మిగిలేది మూడు చిల్లర. మీరు 350 కాదు, 700 బార్లు పెట్టినా పక్కనున్న పౌడర్ నడిచొచ్చి ఆ లోటు పూడ్చదు.

ఒక కంపెనీకి ఎల్బో లైనింగ్, అంటే ఇనుప ఎల్బో లోపల పీటీఎఫ్ఈ పొర, చేస్తున్నాం. లైనింగ్‌లో అమరిక తలకిందులు: ఇనుప బాడీయే బయటి మోల్డ్, బ్యాగ్ లోపల ఉంటుంది, నీళ్లు బ్యాగ్‌ను లోపలినుంచి ఉబ్బించి పౌడర్‌ను బాడీకి అదుముతాయి. పొర పలచబడినచోట కరెంటు రవ్వ రాల్చి లోపం పట్టించే స్పార్క్ టెస్ట్‌లో ప్రతిసారీ ఒకేచోట నిప్పురవ్వ. అడ్డంగా ఉన్న కాలు పైకప్పు దగ్గర. వాళ్ల ఇంజనీరు గారు వచ్చి గేజ్ చూసి, “ప్రెషర్ పెంచండి” అన్నారు. పెంచాం. రవ్వ అక్కడే. “ఇంకా పెంచండి” అన్నారు. అప్పుడు మా పెద్దాయన, పౌడర్ నింపే ఆయన, నెమ్మదిగా అన్నాడు: “సార్, పైన ఖాళీగా ఉంటే ఎంత తొక్కితే ఏం లాభం?”

ఆయన చేసింది చూడండి. నిలువు కాలు నుంచి పోసిన పౌడర్ కుప్పలా వాలుగా జారి ఆగుతుంది, అడ్డం కాలు కప్పు కింద సందు మిగిలిపోతుంది. ఆయన సగం నింపి, మోల్డ్‌ను పక్కకు వాల్చి, చెక్క సుత్తితో బయటినుంచి తట్టుకుంటూ మిగతా సగం నింపాడు. చప్పుడు డొల్లగా ఉన్నంతసేపూ తట్టాడు. చివర్లో తూకం వేస్తే, అదే ఎల్బోలో ఇంతకుముందు కంటే ఎక్కువ పౌడర్ పట్టింది! ప్రెషర్ మళ్లీ పాత అంకెకే తగ్గించాం. రవ్వ రాలేదు. ఇంజనీరు గారి రిపోర్టులో మాత్రం “ప్రెషర్ సరిచేయడమైనది” అని రాశారు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

తూకం అన్నాను కదా, అసలు ఈ పదార్థం బయటపడిందే తూకం వల్ల. 1938 ఏప్రిల్ 6న డ్యూపాంట్ ల్యాబ్‌లో రాయ్ ప్లంకెట్ బృందం సిలిండర్ వాల్వ్ తెరిస్తే గ్యాస్ రాలేదు. బరువు చూస్తే తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి పౌడర్. ఖాళీ అయిందనుకుని పక్కన పడేసి ఉంటే మనం ఈ హాల్లో కూర్చునేవాళ్లం కాదు. కాబట్టి బాబూ, ప్రతి ఫిల్లింగ్‌నూ తూచండి, రిజిస్టర్లో రాయండి.

టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు. చలిగదిలోంచి తెచ్చిన డ్రమ్మును వెంటనే తెరవకండి, తేమ పట్టేస్తుంది. పైగా 19 డిగ్రీల దగ్గర పీటీఎఫ్ఈ స్ఫటికం తీరు మారి ఘనపరిమాణం సుమారు 1 శాతం మారుతుంది. చల్లగా ఉండగానే నొక్కితే తర్వాత పగుళ్లొస్తాయి. ఒక రోజు 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచి వాడండి. ఒత్తిడిని కూడా నెమ్మదిగా దించండి, ఇరుక్కున్న గాలి ఒక్కసారి వ్యాకోచిస్తే ప్రీఫారం, అంటే నొక్కి తీసిన పచ్చి దిమ్మ, పొరలుగా విడిపోతుంది.

డ్రాయింగ్ వేసే అమ్మాయిలూ అబ్బాయిలూ, మీకొకటి. మాండ్రెల్‌కు ఆనుకున్న ముఖమే కొలతకు దగ్గరగా వస్తుంది. బ్యాగ్ వైపు గరుగ్గా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, దానికి లేత్ పని తప్పదు. సింటరింగ్‌లో వచ్చే ష్రింకేజ్, అంటే కుంచించుకుపోవడం, సరేసరి. రెండు వైపులా ఒకే టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, రాసి పంపకండి, దయచేసి.

మధ్యాహ్నం ప్రాక్టికల్‌లో సరిగ్గా నింపని ఎల్బో ఒకటి, నింపింది ఒకటి కోసి పెట్టాను. కాలిపర్ తెచ్చుకుని పైకప్పు దగ్గర మీరే కొలవండి. సిగరెట్ పెట్టెలు మాత్రం గది బయటే వదిలి రండి. ఈ దుమ్ము అంటిన సిగరెట్ వెలిగిస్తే ఆ పొగకు కొన్ని గంటల్లో చలి, వణుకు, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు, చూసినవాళ్లు మామూలు ఫ్లూ అనుకుంటారు.