ఎబోలా: నెత్తురు కంటే ముందు నీరు

శ్రోతలకు నమస్కారం. ఎబోలా అనగానే కళ్లలోంచి, ముక్కులోంచి నెత్తురు ధారకట్టే రోగి మనసులో మెదులుతాడు. వైద్యశాస్త్రం దాన్ని చేర్చిన జబ్బుల గుంపు పేరూ అలాంటిదే: వైరల్ రక్తస్రావ జ్వరాలు. ఈ పేరు చేసిన మేలు కంటే కీడే ఎక్కువ.

2014లో ఎబోలా విజృంభించిన పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లోని కెనెమా ప్రభుత్వ ఆసుపత్రి రోగుల వివరాలు చూడండి. లక్షణాలు నమోదైన 44 మందిలో 89 శాతానికి జ్వరం, 80 శాతానికి తలనొప్పి, సగం మందికి విరేచనాలు. నెత్తురు కారింది ఒక్కరికే. అయినా అక్కడి రోగుల్లో 74 శాతం మంది బతకలేదు. మరి వాళ్ల ప్రాణం తీసిందేమిటి?

వైరస్ ఒంట్లో చేరాక 2 నుంచి 21 రోజుల్లోపు జ్వరం మొదలవుతుంది. మొదటి మూడు రోజులూ జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, మంచం దిగలేనంత నీరసం. చూస్తే మలేరియాలాగే ఉంటుంది. నాలుగో రోజు ప్రాంతంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రోజుకు 5 లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి నీరు పోతుంది. కళ్లు ఎర్రబడతాయి, కొందరికి ఆగకుండా ఎక్కిళ్లు వస్తాయి. రెండో వారంలోకి అడుగుపెట్టేసరికి ఒకటే తేలాలి: రోగి తేరుకోవడమో, నాడి అందకుండా షాక్‌లోకి జారిపోవడమో.

బయటికి పోయే నీరు ఒక ఎత్తు, లోపల కారిపోయేది మరో ఎత్తు. వైరస్ ముందుగా పట్టుకునేది రోగనిరోధక కణాలను. అవి గుమ్మరించే రసాయనాల ధాటికి సన్నటి రక్తనాళాల గోడలు జల్లెడలవుతాయి. రక్తంలోని నీరు కణజాలంలోకి ఊరిపోతుంది. బీపీ పడిపోయి మూత్రం తగ్గుతుంది, కిడ్నీలు మొండికేస్తాయి. విరేచనాలతో పొటాషియం పోయి గుండె లయ తప్పుతుంది. కాలేయం దెబ్బతింటే రక్తం గడ్డకట్టడమూ కుంటుపడుతుంది. నెత్తురు కనబడేది తరచు ఈ దశలోనే, అంటే ఆలస్యంగా. దాని కోసం ఎదురుచూసేవాళ్లు ప్రాణం నిలిపే రోజులను పోగొట్టుకుంటారు.

పరీక్షలోనూ ఒక ఇబ్బంది ఉంది. జ్వరం మొదలైన మూడు రోజుల్లోపు తీసిన రక్తంలో వైరస్ అందకపోవచ్చు. నెగటివ్ వచ్చిందని ఇంటికి పంపితే ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుంది. అందుకే 72 గంటలు దాటాక మళ్లీ పరీక్షించాలి.

ఎవరు బతుకుతారన్నది ముఖ్యంగా రక్తంలో ఎంత వైరస్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కెనెమాలో మిల్లీలీటరు రక్తానికి వైరస్ ప్రతులు (కాపీలు) లక్ష లోపు ఉన్నవారిలో 33 శాతం మంది చనిపోతే, కోటి దాటినవారిలో 94 శాతం. వయసు మాటా అంతే: 21 ఏళ్ల లోపువారిలో మరణాలు 57 శాతం, 45 దాటినవారిలో 94 శాతం.

అయితే ఈ లెక్కలు తలరాతలు కావు. అదే విజృంభణలో అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో వైద్యం అందిన 27 మందిలో చనిపోయింది ఐదుగురు. ఆ నాటికి నిరూపితమైన మందు ఏదీ లేదు. గంట గంటకూ ఎంత నీరు పోయిందో కొలిచి అంతా సెలైన్‌తో ఎక్కించడం, పొటాషియం సరిచూడడం, అవసరమైతే డయాలసిస్, వెంటిలేటర్: ముఖ్యంగా ఇవే వాళ్లను నిలబెట్టాయి. మందు ఆ తరువాత తేలింది. 2018, 2019లలో కాంగోలో జరిగిన పరీక్షలో రెండు యాంటీబాడీ మందులు మరణాలను 35 శాతం దగ్గరికి దించాయి. తక్కువ వైరస్‌తో వచ్చినవారిలో అయితే 10 శాతం చుట్టుపక్కలకే. ఆ పరీక్షలో మొత్తం మీద, లక్షణాలు మొదలైన ఒక రోజులోపు చేరినవారిలో 19 శాతం మంది చనిపోతే, ఐదు రోజులు దాటాక వచ్చినవారిలో 47 శాతం మంది. కొత్త మందుకైనా ఆలస్యాన్ని జయించే శక్తి లేదు.

బతికి బయటపడ్డాక కీళ్లనొప్పులు, కంటి లోపలి వాపు నెలల తరబడి వేధించవచ్చు. రక్తంలో వైరస్ పోయినా వీర్యంలో నిలిచి ఉండొచ్చు. 2014 నవంబరులో లైబీరియా నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి చేరిన ఒక భారతీయుణ్ణి అందుకే విడిగా ఉంచారు. అతనికి జబ్బు నయమైంది, రక్తం నెగటివ్, వీర్యం మాత్రం పాజిటివ్.

మన ఊళ్లలో ఎబోలా లేదు, డెంగ్యూ ఉంది. రెండు వైరస్‌లకూ చుట్టరికం లేకపోయినా రక్తనాళాల నుంచి నీరు ఊరిపోవడం డెంగ్యూలోనూ ఉంది. మనవాళ్లు ప్లేట్‌లెట్ల అంకె చూసి బెంబేలెత్తుతారు గానీ, అసలు గండం జ్వరం తగ్గే రోజుల్లో, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. జ్వరం దిగింది కదా అని నిశ్చింతగా ఉండే సమయమే అది. ఆగని వాంతులు, కడుపునొప్పి, మగత, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నోటితో తాగగలిగితే ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి, గుక్కలు గుక్కలుగా పట్టండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, నెత్తురు పోయే ముప్పును అవి పెంచుతాయి. ఇక సెలైన్ మీద ఉన్నవారికి ఒకటీ రెండు రోజుల్లో, లోపల ఊరిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు సెలైన్ ఆపకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. తేరుకుంటున్న రోగికి ఇంకో సీసా పెట్టమని డాక్టరును పట్టుబట్టకండి.