చవక రైఫిల్‌కి గురి కుదరదా? ముందు మీ టేకు తలుపు చూడండి

[బల్ల మీద రెండు రైఫిళ్లు. ఎడమవైపు వాల్‌నట్ కర్ర స్టాక్‌తో (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) పాత వించెస్టర్ మోడల్ 70. కుడివైపు నల్ల ప్లాస్టిక్ స్టాక్‌తో రూగర్ అమెరికన్. రెండింటి బోల్ట్‌లూ (తూటాని లోపలికి నెట్టి వెనకనుంచి మూసే కడ్డీలు) తీసి పక్కన పెట్టి ఉన్నాయి.]

నమస్తే అండీ. అమెరికాలో జింకల వేట కాలం, అంటే నవంబర్, దగ్గర పడిందంటే చాలు, డాలస్ నుంచీ పిట్స్‌బర్గ్ నుంచీ మనవాళ్ల మెసేజ్‌లు మొదలు. "అన్నా, ఐదొందల డాలర్ల రైఫిల్‌కి గురి ఉంటుందా? ఇంకో ఏడాది ఆగి మంచి పాత వించెస్టర్ కొనుక్కోనా?" అడగడంలో తప్పేం లేదు. నాకు ఒళ్లు మండేది దానికి వచ్చే జవాబులు చూసినప్పుడు. చవక కాబట్టి గురి తక్కువ, కర్ర స్టాక్ కాబట్టి గురి ఎక్కువ అని కళ్లు మూసుకుని చెప్పేస్తారు. అసలు ఈ పాతికేళ్లలో బాగా చవకైపోయింది గురే. ఖరీదుగా మిగిలినవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికీ వద్దాం.

ఇంటి తలుపుతో మొదలుపెడతాను. పాత ఇళ్లలో టేకు తలుపు ఎలా బిగించేవారు? వడ్రంగి గుమ్మంలో నిలబెట్టి చూసేవాడు, పట్టకపోతే దించి చిత్రిక పట్టేవాడు, మళ్లీ నిలబెట్టేవాడు. సరిగ్గా కూర్చునేదాకా అదే పని. ఇప్పటి రెడీమేడ్ తలుపుకి ఆ గొడవ లేదు. బందులోనే ఒక స్క్రూ ఉంటుంది, తిప్పితే తలుపు జరుగుతుంది, కుదిరాక బిగించేస్తారు.

రైఫిల్‌లో సరిగ్గా ఇలాంటి చోటు ఒకటుంది. చాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో, తూటాని ఆపే చోటుకీ బోల్ట్ మొహానికీ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. హెడ్‌స్పేస్ అంటారు. పాత పద్ధతిలో బ్యారెల్‌ని, అంటే గొట్టాన్ని, రిసీవర్‌లోకి (బోల్ట్ కదిలే నడిమి స్టీల్ భాగం) బిగించి, కొలత చూసే గేజ్ పెట్టి చూసి, కొంచెం కోసి, మళ్లీ చూసేవాళ్లు. అచ్చం చిత్రిక పని. 1958లో నికొలస్ బ్రూవర్ అనే డిజైనర్ సావేజ్ కంపెనీ 110 రైఫిల్‌లో బ్యారెల్ మీద ఒక నట్ పెట్టాడు. గేజ్ లోపల పెట్టి, అది తగిలేదాకా బ్యారెల్ తిప్పి, నట్ బిగిస్తే అయిపోయింది. బందులో స్క్రూ వచ్చేసింది! కొలత ఎంత కచ్చితంగా రావాలో అంతే వచ్చింది, కాకపోతే దానికి ముప్పై ఏళ్ల అనుభవమున్న పనివాడు అక్కర్లేకపోయింది. ఈ రూగర్ అమెరికన్‌లో ఉన్నదీ అలాంటి నట్టే. 2011 చివర్లో ఇది వచ్చినప్పుడు కంపెనీ పెట్టిన ధర 449 డాలర్లు.

[రూగర్ బ్యారెల్ మొదట్లో ఉన్న నట్ దగ్గరగా. వేలితో చూపించడం.]

ఇదిగో. చూడ్డానికి ప్లంబింగ్ సామానులా ఉందని వెక్కిరిస్తారు. వెక్కిరించండి, నాక్కూడా అందంగా ఏం కనిపించదు.

రెండోది బ్యారెల్. రూగర్ దీన్ని హ్యామర్ ఫోర్జింగ్‌తో చేస్తుంది. గొట్టం లోపల గాడుల అచ్చు ఉన్న గట్టి కడ్డీ పెట్టి, బయటినుంచి సుత్తులతో దబదబా కొడితే ఆ గాడులు లోపల దిగిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మెషిన్ గన్ బ్యారెళ్లు త్వరత్వరగా కావాలని జర్మన్లు పెంచిన పద్ధతి ఇది. యంత్రం కొనాలంటే ఆస్తులమ్మాలి, కొన్నాక ఒక్కో బ్యారెల్‌కీ అయ్యే ఖర్చు మాత్రం తక్కువ.

ఇప్పుడు కర్ర సంగతి. శ్రావణమాసంలో మీ టేకు తలుపు ఏం చేస్తుంది? తేమ పీల్చి ఉబ్బి, గుమ్మానికి పట్టేస్తుంది, కాలితో తంతే గానీ తెరుచుకోదు. వాల్‌నట్ స్టాక్ కూడా కర్రే కదండీ. సెప్టెంబర్ ఎండలో కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లి, గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, సరిచేసుకుంటారు. నవంబర్ చివర్లో పెన్సిల్వేనియా వానలో రోజంతా తడిస్తే స్టాక్ ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి నొక్కుతుంది, తూటా పడే చోటు మారిపోతుంది. ప్లాస్టిక్‌కి ఈ బాధ లేదు. పైగా రూగర్‌వాళ్లు స్టాక్ లోపల రెండు స్టీల్ దిమ్మలు పోతపోసి, రిసీవర్‌ని వాటిమీద కూర్చోబెట్టారు. అంటే తలుపు ప్లాస్టిక్, గుమ్మం మాత్రం స్టీల్.

అలాగని ప్లాస్టిక్ తలుపు గొప్పదా? బాత్రూమ్ తలుపు అరచేత్తో నెట్టి చూడండి, వంగుతుంది. ఇక్కడా చూడండి.

[రూగర్ స్టాక్ ముందు భాగాన్ని పక్కనుంచి పిడికిలితో నొక్కడం. స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య పెట్టిన డాలర్ నోటు ఇరుక్కుపోతుంది.]

నొక్కకముందు నోటు హాయిగా జారింది, ఇప్పుడు లాగితే రావట్లేదు, స్టాక్ వంగి బ్యారెల్‌కి తగిలింది. చెట్టుకి గట్టిగా ఆనించి కాల్చినా, భుజం పట్టీ బిగించి లాగినా ఇదే జరుగుతుంది. చవక రైఫిల్‌లో నేను నిజంగా తప్పుపట్టేది ఇదీ, బోల్ట్ కదిలే తీరూ. పాత మోడల్ 70 బోల్ట్ రెండు వేళ్లతో తీస్తే వచ్చేస్తుంది. దీని బోల్ట్ లాగితే పట్టి పట్టి వస్తుంది, తాళం కొంచెం ఎత్తిపట్టి తిప్పితే గానీ పడని తలుపులాగా. తూటాలు పెట్టే ప్లాస్టిక్ మ్యాగజైన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మరి గురి? వంద గజాల దూరంలో మూడు తూటాలు అంగుళం, అంగుళంన్నరలో పడటం ఈ ధర రైఫిళ్లలో ఇప్పుడు మామూలే. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఇంచుమించు ఎనిమిది అంగుళాలు. ఇక అర అంగుళం కోసం కొట్టుకోవడం ఎందుకో నాకర్థం కాదు.

క్లాసిక్ అని మనం దండం పెట్టేవాటి పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. రెమింగ్టన్ 700 పేరు చెబితే పెద్దవాళ్ల కళ్లు మెరుస్తాయి. 1962లో వచ్చింది. దానికి మూలం 1948 నాటి 721. గుండ్రటి స్టీల్ కడ్డీని లేత్ మీద తిప్పి రిసీవర్ చేస్తే యంత్రం పని తగ్గుతుందని, రేకు కొట్టిన ట్రిగ్గర్ గార్డ్ పెట్టి ఖర్చు తగ్గించి చేసిన రైఫిల్ అది. ఆ కాలానికి అదే బడ్జెట్ రైఫిల్! అదే గుండ్రటి రిసీవర్ మీద 1966లో అమెరికా సైన్యంలోని మెరైన్ కోర్ తన ఎం40 స్నైపర్ రైఫిల్ చేయించుకుంది.

వించెస్టర్‌ది రివర్స్ కథ. 1936లో వచ్చిన మోడల్ 70లో, పాత జర్మన్ సైనిక రైఫిల్ మౌజర్ 98లో లాగా, తూటా ఇరుక్కోకుండా పొడవాటి కొక్కెం ఒకటి దాన్ని మ్యాగజైన్ నుంచి పైకి వస్తుండగానే అంచు పట్టేసుకునేది. 1964లో ఖర్చు తగ్గించాలని ఆ కొక్కెం తీసేశారు, స్టాక్ మీద చేత్తో చెక్కే గళ్ల నగిషీని అచ్చుతో నొక్కేశారు. జనం చీదరించుకున్నారు. ఆ కోపం ఎంతంటే, 1964కి ముందు చేసినవాటికి ఈరోజుకీ వేరే రేటు పలుకుతుంది. కంపెనీ 1990ల్లో ఆ కొక్కెం మళ్లీ తెచ్చింది, అయినా దాని న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. ఆ కొక్కెం ఆఫ్రికాలో అడవిదున్న మీదికొస్తున్నప్పుడు ప్రాణం కాపాడుతుందేమో గానీ, టెక్సాస్‌లో జింక కోసం దాని వల్ల తేడా ఏం రాదు.

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా. ట్రిగ్గర్: 2000ల మొదట్లో ఎంత బలంగా నొక్కితే పేలాలో కొన్నవాళ్లే సరిచేసుకునే అక్యూట్రిగ్గర్‌ని సావేజ్ తెచ్చాక మిగతా కంపెనీలకీ తప్పలేదు. ఇప్పుడు చవక రైఫిల్లోనూ సరిచేసుకునే ట్రిగ్గర్ ఉంటోంది. స్కోప్: రైఫిల్‌తో కలిపి అమ్మే స్కోప్‌ని నమ్మొద్దు, మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి. పాతది కొంటుంటే బోల్ట్ తీయించి, బ్యారెల్ లోపల లైటు వేసి చూడండి. తుప్పు చుక్కలు కనిపిస్తే బేరం కూడా ఆడొద్దు. నన్నడిగితే, వానలోకి రూగర్ తీసుకెళ్తాను. మోడల్ 70 తాత ఇచ్చినదైతే ఎన్నటికీ అమ్మను.

వీసా మీద ఉన్నవాళ్లు వినండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికీ దగ్గర ఉంచుకోవడానికీ ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, లైసెన్స్ గడువు తీరితే అదీ పోతుంది. టెక్సాస్‌లో వేటాడాలంటే, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కావాలి. షాపుకి వెళ్లేముందే ఒక లాయర్‌తో మాట్లాడుకోండి, కౌంటర్ దగ్గర అబ్బాయి చెప్పింది విని సంతకం పెట్టకండి.