ఒకే లేపాక్షి బొమ్మ, మూడు పుస్తకాల్లో మూడు రంగులు: ఎందుకు?

[దృశ్యం: బల్ల మీద మూడు పుస్తకాలు, మూడూ ఒకే బొమ్మ దగ్గర తెరిచి]

నమస్తే అండీ. ఈ మూడు పేజీలూ చూడండి. మూడింట్లోనూ ఉన్నది లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మే. ఒకదాంట్లో ఎరుపు ఇటుక రంగులో ఉంది. రెండోదాంట్లో అదే ఎరుపు భగభగమంటోంది. మూడోదాంట్లో అంతా పసుప్పచ్చగా ఉంది. ఏది నిజం?

లేపాక్షి 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, అనంతపురంలో మా నోటికి ఇంకా మన లేపాక్షే. అలవాటు పోదు.

[దృశ్యం: గుడి మండపం, కెమెరా మెల్లగా పైకి]

అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. సున్నపు గార మీద మట్టి రంగులు, చుట్టూ నల్లటి గీత. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి అన్నీ తల పైనే. మండపంలో వెలుతురు తక్కువ కాబట్టి ఫోటో తీసేవాళ్లు లైటు పెట్టుకోక తప్పదు. పసుపు బల్బు పెట్టి, కెమెరాను దానికి తగ్గట్టు సరిచేయకపోతే తెల్లటి గార కూడా పసుపెక్కుతుంది. మన మూడో పుస్తకంలో జరిగింది అదే అనుకుంటున్నా. జాగ్రత్తగా చేసేవాళ్లు బొమ్మ పక్కన రంగుల పట్టీ పెట్టి ముందు ఒక ఫోటో తీసుకుంటారు. తర్వాత కంప్యూటర్లో రంగు సరిచేయడానికి అదే ఆధారం.

[దృశ్యం: పేజీ మీద భూతద్దం]

ఇప్పుడు ప్రెస్సుకి వెళ్దాం. అసలు సంగతి ఇక్కడుంది. పేజీ మీద మీరు చూసే కావి రంగు అక్కడ లేనే లేదు! నీలి, గులాబీ, పసుపు, నలుపు... ఈ నాలుగు సిరాల చుక్కలే ఉన్నాయి. మంచి ఆర్ట్ పుస్తకాల్లో అంగుళానికి 150 నుంచి 175 వరసల చుక్కలు పడతాయి. దూరం నుంచి కన్ను వాటిని కలిపేసి ఎరుపంటుంది.

నాలుగు సిరాలకు నాలుగు ప్లేట్లు, అంటే అచ్చు వేసే పలకలు. నాలుగూ ఒకే చోట కచ్చితంగా పడాలి. వెంట్రుకవాసి జరిగినా ప్రెస్సువాళ్లు ‘రిజిస్ట్రేషన్ పోయింది’ అంటారు. మామూలు ఫోటోలో అది అంతగా తెలియదు. లేపాక్షి బొమ్మల్లో మాత్రం దొరికిపోతుంది, ఎందుకంటే ప్రాణమంతా నల్ల గీతలోనే ఉంది. ఆ గీత పక్కన గులాబీ నీడ కనిపిస్తే పుస్తకం అక్కడే కింద పెట్టేయండి.

కాగితం సంగతి త్వరగా చెప్పేస్తా. మ్యాప్‌లిథో, అంటే పూత లేని మామూలు అచ్చు కాగితం, సిరా పీలుస్తుంది, చుక్క వ్యాపిస్తుంది, రంగు మసకబారుతుంది. మన ఇటుక రంగు పుస్తకం అలాంటిదే. ఆర్ట్ పేపర్ మీద పూత ఉంటుంది కాబట్టి చుక్క పడ్డచోటే నిలుస్తుంది. ఎరుపు భగభగమనే మన రెండో పుస్తకం ఇలాంటిదే అనుకుంటున్నా.

[దృశ్యం: గ్రాఫిక్, పైకప్పు పక్కన పేజీ]

రంగు కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది సైజు. వీరభద్రుడి బొమ్మ 20 అడుగులకు పైనే ఉంటుంది. లెక్క సులువుగా 24 అడుగులనుకుందాం. దాన్ని 12 అంగుళాల పేజీలో పెడితే 24 రెట్లు చిన్నదైపోతుంది. పైన అరంగుళం మందం గీత ఉంటే పేజీలో అర మిల్లీమీటరు, అంటే మూడు చుక్కల వెడల్పు. చీర అంచులోని సన్నటి పువ్వులకు ఇక చోటెక్కడ? లేపాక్షి డిజైన్లంటూ నేతకూ, అద్దకానికీ వెళ్లిన అందమంతా ఆ అంచుల్లోనే ఉంది. అందుకే పూర్తి బొమ్మ ఒక పేజీలో వేసి, పక్క పేజీల్లో ముఖం, అంచు, కుళ్లాయి (తల మీది పొడవాటి టోపీ) విడివిడిగా దగ్గర నుంచి చూపించిన పుస్తకానికే నా ఓటు. కింద అసలు కొలత కూడా రాసుంటే ఇంకా మంచిది. చాలామంది రాయరు, ఎందుకో!

[దృశ్యం: పాత పత్రికల అట్టలు]

పత్రికల బొమ్మలది వేరే కథ. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. వడ్డాది పాపయ్య లాంటివాళ్లు అందులో గీసింది అచ్చు కోసమే. పేజీయే వాటి ఇల్లు. కానీ అలాంటి బొమ్మల మీద, పాత సినిమా పోస్టర్ల మీద ఇప్పుడు పుస్తకం వేయాలంటే చాలాసార్లు అసలు బొమ్మ దొరకదు. అచ్చైన కాగితాన్నే స్కాన్ చేస్తారు. పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడి, బుగ్గల మీద, ఆకాశం మీద గళ్లగళ్లుగా అలలు తేలతాయి. కొనేముందు నున్నగా ఉండాల్సిన చోటు చూడండి, ఇట్టే తెలిసిపోతుంది.

[దృశ్యం: వెనక అట్ట మీద ధర]

‘ఇంత రేటా?’ అంటారు కదా. 160 పేజీల పుస్తకమనుకోండి. 16 పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడుస్తారు, దాన్ని ఫారం అంటారు. అలాంటి ఫారాలు 10. ఒక్కో ఫారానికి రెండు వైపులా కలిపి 8 ప్లేట్లు, మొత్తం 80. 500 కాపీలు వేసినా ఆ 80 కావాలి, 5000 వేసినా అవే 80. తెలుగులో ఇలాంటి పుస్తకాలు తక్కువ కాపీలే వేస్తారు కాబట్టి ఆ ఖర్చంతా కొద్దిమంది మీదే పడుతుంది. రంగు సరిగ్గా వచ్చిందంటే ఆ రేటు న్యాయమే అంటాను నేను.

చివరగా బైండింగ్. పుస్తకం వీపును పైనుంచి చూడండి. మడతలు మడతలుగా కనిపిస్తే చాలావరకు కుట్టు బైండింగే, మధ్యలో దారం ఉందేమో తెరిచి చూడండి. అది చదునుగా తెరుచుకుంటుంది, రెండు పేజీల బొమ్మ మధ్యలో విరగదు. ఉత్త జిగురైతే, పూత ఉన్న ఆర్ట్ పేపరును అది గట్టిగా పట్టుకోలేదు. నాలుగుసార్లు తెరిచేసరికి వీరభద్రుడు ఒక చేతిలో, ఆయన ఖడ్గం ఇంకో చేతిలో మిగులుతాయి.