ఇండోనేషియా భాషా సాహిత్య బోధనలో డిగ్రీ: నాలుగేళ్ల చదువు, తడబడే చోట్లు

సభకు నమస్కారం.

ఇక్కడున్నవారిలో తెలుగు పండితులు, బి.ఎడ్. విద్యార్థులు ఎక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఇండోనేషియాలో భాషా సాహిత్య ఉపాధ్యాయులను తయారుచేసే నాలుగేళ్ల డిగ్రీ ఉంది. అక్కడి పేరు 'పెండిడికాన్ బహాసా డాన్ సస్త్ర ఇండోనేషియా'. మన దగ్గర చాలాకాలంగా డిగ్రీ ఒకచోట, బి.ఎడ్. ఇంకోచోట. అక్కడ వ్యాకరణం, సాహిత్యం, బోధనా పద్ధతులు మొదటి ఏడాది నుంచే పక్కపక్కన నడుస్తాయి. బాందుంగ్, యోగ్యకర్త, మలాంగ్, సురబయలలో ఈ శాఖలకు పేరున్న విశ్వవిద్యాలయాలు ఒకప్పటి ఉపాధ్యాయ శిక్షణ సంస్థలే.

ఈ చదువును అర్థం చేసుకోవాలంటే ఒక సంగతి ముందు గుర్తుపెట్టుకోవాలి. ఇండోనేషియా భాష చాలామంది పిల్లలకు ఇంటి భాష కాదు. 1928 అక్టోబరు 28న యువకులు ప్రతిజ్ఞ చేసి దాన్ని ఐక్యతా భాషగా ఎంచుకున్నారు. 1945 రాజ్యాంగం 36వ అధికరణం దాన్ని జాతీయ భాష చేసింది. కానీ ఆ దేశంలో 700కు పైగా స్థానిక భాషలున్నాయి. జావనీస్, సుందనీస్, మదురీస్ ఇంట్లో మాట్లాడి బడికి వచ్చే పిల్లవాడికి పంతులు జాతీయ భాష నేర్పాలి, అదే భాషలో కవిత్వం మీద ఇష్టమూ కలిగించాలి. సిలబస్‌లో ఏ పేపరు చూసినా ఈ రెండు పనుల బరువు కనిపిస్తుంది.

లెక్కలు చూద్దాం. ఎనిమిది సెమిస్టర్లు, కనీసం 144 క్రెడిట్లు. క్రెడిట్‌ను అక్కడ ఎస్.కె.ఎస్. అంటారు. ఒక్కోదానికి సెమిస్టరు మొత్తానికి 45 గంటల పని. అందులో క్లాసులో కూర్చునేది మామూలుగా వారానికి 50 నిమిషాలే. మిగతాదంతా ఇచ్చిన పని, సొంత చదువు. 20 క్రెడిట్లు తీసుకుంటే 16 వారాల సెమిస్టరులో వారానికి 56 గంటలు పడుతుంది. టైంటేబుల్లో మాత్రం పదిహేడు గంటలలోపే కనబడుతుంది. మిగిలింది ఖాళీ అనుకున్నవాళ్లకు నవలలు, భాషాశాస్త్రం అభ్యాసాలు ఒక్కసారిగా నెత్తిన పడతాయి. మంచి గ్రేడున్నవాళ్లకు 24 క్రెడిట్ల దాకా అనుమతి దొరుకుతుంది. సాహిత్యం పేపర్లు ఎక్కువున్న సెమిస్టరులో అలా తీసుకోకపోవడమే మేలు.

భాషాశాస్త్రంలో ధ్వని, పదనిర్మాణం, వాక్యం, అర్థం, సంభాషణ, సామాజిక భాషాశాస్త్రం ఉంటాయి. వీటిలో విద్యార్థులు ఎక్కువగా తడబడేది పదనిర్మాణం దగ్గర. క్రియకు 'మె' ఉపసర్గ చేరినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ధాతువు ప, త, క, సలతో మొదలైతే ఆ హల్లు పోయి అనునాసికం వస్తుంది. పుకుల్ మెముకుల్ అవుతుంది, తులిస్ మెనులిస్, కిరిమ్ మెఙిరిమ్, సపు మెన్యపు అవుతాయి. బాచ మాత్రం మెంబాచ, అంటే 'బ' పోదు. పరుషాలకు గసడదవలు వచ్చే మన సంధి నేర్చినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. మినహాయింపుల దగ్గరే జాగ్రత్త కావాలి. 'ప్రొడుక్సి'లాగా సంయుక్తాక్షరంతో మొదలయ్యే అరువు మాటలో హల్లు నిలుస్తుంది, మెంప్రొడుక్సి అవుతుంది. ఒకే అక్షరం ఉన్న 'చెక్'కు 'మెఙె' చేరి మెఙెచెక్ అవుతుంది. ప్రభావం అనే అర్థమున్న 'పెఙారుహ్' నుంచి మెమెఙారుహి రావాలి. పత్రికల్లో, ఉపన్యాసాల్లో కూడా 'మెంపెఙారుహి' వినబడుతుంది, ఎందుకంటే ఆ మాటలోని 'పె'ని జనం ఉపసర్గ అనుకుంటారు. నిజానికది ధాతువులో భాగం. పరీక్షలో 'తప్పు' అని కొట్టేస్తే సరిపోదు, ఈ కారణం రాయాలి. రేపు బడిలో పిల్లవాడు అడిగేదీ అదే.

రెండో తడబాటు 'డి' దగ్గర. క్రియకు ముందు వస్తే కలిపి రాయాలి, స్థలం చెబితే విడిగా రాయాలి. డిబాచ అంటే చదవబడింది, కలిపే రాయాలి. డి రుమహ్ అంటే ఇంట్లో, విడిగా రాయాలి. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. 'డి' తీసి 'మె' పెట్టి చూడండి. మాట నిలిస్తే ఉపసర్గ, నిలవకపోతే విడదీయాలి. వర్ణక్రమ నియమాలు 1972లో స్థిరపడ్డాయి, 2015లో, 2022లో మళ్లీ సవరించారు. కాబట్టి పాత గైడు పట్టుకుని సిద్ధాంత పత్రం దిద్దకండి, తాజా నియమావళి చూడండి.

సాహిత్యంలో కాలక్రమం తప్పదు. 1917లో డచ్ వలస ప్రభుత్వం నెలకొల్పిన బలై పుస్తక ప్రచురణ సంస్థ, ముప్పైలలో పుజంగ బారు అనే సాహిత్య పత్రిక, ఆ తరువాత 1949లో చిన్న వయసులోనే పోయిన ఖైరిల్ అన్వర్ కవిత్వం, అలా వస్తారు. వరస బట్టీ పట్టడం కష్టమేమీ కాదు. అసలు ఇబ్బంది పాఠం చెప్పేటప్పుడు వస్తుంది. కథ చదివించకుండానే ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, దృక్కోణం అని జాబితా నింపించడం అక్కడి బడుల్లో పాతుకుపోయిన అలవాటు. కథ సారాంశం చూసి పిల్లలు జాబితా నింపేస్తారు, మార్కులు వస్తాయి, పుస్తకం మాత్రం తెరవరు. బడుల్లో పుస్తకాలు చదివించకపోవడాన్ని కవి తౌఫిక్ ఇస్మాయిల్ 'సున్నా పుస్తకాల విషాదం' అన్నారు. మన బడుల్లోనూ ఈ జబ్బు ఉందని మీకు తెలుసు. అందుకే నాటకం పేపరు విలువైనది. నాటకం ఆడటానికి సిద్ధమయ్యే వాళ్లు ప్రతి సంభాషణనూ చాలాసార్లు చదవక తప్పదు.

మూడో ఏడాదికల్లా బోధనాభ్యాసం వస్తుంది. ముందు సూక్ష్మబోధన, అంటే తోటి విద్యార్థుల ముందు పది, పదిహేను నిమిషాల పాఠం. ప్రశ్నించడం, మెచ్చుకోవడం, పాఠం మొదలుపెట్టడం, ముగించడం లాంటి నైపుణ్యాలను విడివిడిగా సాధన చేయిస్తారు. తరువాత నిజమైన బడికి పంపుతారు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, వివరించడానికే సమయమంతా ఖర్చుపెట్టడం. ఉదాహరణకు ఏదైనా పని చేసే విధానం రాయించే పాఠంలో లక్షణాలు చెప్పడం పది నిమిషాలకు మించకూడదు. పిల్లలు ఒక నమూనా విప్పి చూడాలి, క్రమంలో రాయాలి, ఒకరిది ఒకరు దిద్దాలి.

చివరిది స్క్రిప్సి, అంటే సిద్ధాంత పత్రం. 2023 నియమాలు దీనికి బదులు ప్రాజెక్టు లాంటివి పెట్టుకునే వెసులుబాటు ఇచ్చాయి, నిర్ణయం శాఖది. మామూలు నిర్మాణం ఐదు అధ్యాయాలు: పీఠిక, సిద్ధాంత సమీక్ష, పద్ధతి, ఫలితాలు చర్చ, ముగింపు. ముందు ప్రతిపాదన సెమినార్, ఆఖరున మౌఖిక పరీక్ష.

శీర్షిక దగ్గరే సగం పని తేలిపోతుంది. 'విద్యార్థుల రచనా నైపుణ్యం' అంటే దానికి అంతు ఉండదు. 'యోగ్యకర్తలోని ఒక బడి 8వ తరగతి పిల్లలు రాసిన వార్తల్లో ఉపసర్గల దోషాలు' అంటే కూర్చుని చేయగల పని. ముప్పై రచనలు తీసుకున్నారనుకోండి. దోషాలు ఎన్నో లెక్కపెడితే చాలదు, ఆ రూపం వాడిన సందర్భాలెన్ని, అందులో తప్పినవెన్ని అని చెప్పాలి. ఇద్దరు విడివిడిగా వర్గీకరించి పోల్చుకోవాలి. ఇంటి భాష ప్రభావం అని ఒక్కమాటలో తేల్చడం పరీక్షకులు ఒప్పుకోరు. అండి అనే అబ్బాయి పుస్తకం అనడానికి 'బుకు అండి' అని కాక 'బుకున్య అండి' అని పిల్లవాడు రాస్తే, జావనీస్‌లో 'బుకునే అండి' అనే నిర్మాణం ఉందని చూపాలి. జావనీస్ రాని పిల్లలు అదే తప్పు చేస్తున్నారా లేదా కూడా చూడాలి. వాళ్లూ చేస్తుంటే కారణం వేరే ఉంది.

తరగతి గది మార్పు పరిశోధన, అంటే పాఠం చెప్పే తీరు మార్చి ఫలితం చూసే పరిశోధన, చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రణాళిక, అమలు, పరిశీలన, సమీక్షలతో ఒక చక్రం పూర్తి చేసి రెండోది మొదలుపెడతారు. రెండు చక్రాల్లోనూ అదే ప్రశ్నపత్రం ఇస్తే మార్కులు పెరుగుతాయి. ఆ పెరుగుదల బోధన వల్లనో జ్ఞాపకం వల్లనో తేలదు. కష్టం సమానంగా ఉన్న కొత్త ప్రశ్నలు ముందే తయారు పెట్టుకోవాలి.

పట్టా చేతికొస్తే ఎస్.పి.డి., అంటే విద్యాశాస్త్ర పట్టభద్రుడు, అని పేరు చివర రాసుకోవచ్చు. అయినా 2005 నాటి ఉపాధ్యాయుల చట్టం ప్రకారం వృత్తి ధ్రువపత్రం కావాలి. దానికి పి.పి.జి. అనే వృత్తి శిక్షణ వేరుగా ఉంది, కొత్తగా వచ్చేవారికి రెండు సెమిస్టర్లు. నాలుగేళ్లతో అంతా అయిపోతుందని లెక్కేసుకున్నవారికి ఇక్కడ డబ్బు, సమయం రెండూ చాలకుండా పోతాయి.

మన పిల్లలెవరైనా వెళ్లాలనుకుంటే ముందు విదేశీయుల కోసం నడిపే బి.ఐ.పి.ఏ. కోర్సు చేయాలి. అందులో ఏడు స్థాయిలున్నాయి. 1974 నుంచి ఉన్న దర్మసిస్వా ఉపకారవేతనం పట్టా ఇవ్వదు కానీ భాష నేర్చుకోవడానికి మంచి దారి. తెలుగువాళ్లు రెండు చోట్ల చెవి పెట్టాలి. ఒకటి, మాట చివరి 'హ్'. ముడా అంటే యువ, ముడాహ్ అంటే సులువు. రెండు, ఒకే అక్షరంతో రాసే రెండు 'ఎ' ధ్వనులు. వీటిలో ఒకటి తెలుగులో లేదు, కె.బి.బి.ఐ. నిఘంటువులో ఉచ్చారణ చూసి నేర్చుకోవాలి. యూట్యూబ్‌లో విని నేర్చుకున్న 'ఎంగాక్' (కాదు), 'గిమానా' (ఎలా) స్నేహితుల మధ్య బాగానే ఉంటాయి. యు.కె.బి.ఐ. అనే భాషా ప్రావీణ్య పరీక్షలో రాసేటప్పుడు మాత్రం 'తిడాక్', 'బగైమానా' అనే రాయాలి.