అమ్మ పేరు మీద వేరే ఓపీ చీటీ

"పిల్లోడు మాట్లాడితే వాళ్లమ్మ అదే బాగవుతుంది లెండి." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అనంతపురంలో బోరు మోటార్ కాలిపోతే చీనీ చెట్లకు మందు కొడతామా? ఆటిజం బిడ్డకు స్పీచ్ థెరపీ చెట్టుకు చేసే సేవ. అమ్మ డిప్రెషన్ మోటార్ సంగతి. పేరెంట్ ట్రైనింగ్‌కు పోతోంది కదా అంటారు. అక్కడ నేర్పేది బిడ్డతో ఎలా మెలగాలో. దాంతో ఒత్తిడి కాస్త తగ్గొచ్చు, డిప్రెషన్‌కు అది చాలదు.

ముందు కొలత. డిప్రెషన్ ఎంతుందో చూసే ప్రశ్నల పట్టీ పీహెచ్‌క్యూ-9. అందులో గడిచిన రెండు వారాల మీద 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 గానీ పైన గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. తొమ్మిదోది చచ్చిపోవాలనిపించడం గురించి. అక్కడ సున్నా కాకపోతే, మొత్తం ఎంతైనా సరే, అదే రోజు చూపించాలి.

ఇక సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల వైద్యం. వారానికొకటి, మామూలుగా 8 నుంచి 16 సెషన్లు. మొదట నోట్‌బుక్ పని. వారం పాటు గంటగంటకూ ఏం చేసిందీ, మనసు 10కి ఎంతున్నదీ రాయాలి. చాలామంది నోట్‌బుక్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా తనకంటూ ఒక్క గీత కనపడదు. నీళ్లందని బోరులో మోటార్ ఆడించడమంటే ఇదే. అప్పుడు ఒక్క పని ఎంచుకోవాలి, పదిహేను నిమిషాలది. ఎప్పుడు, ఎక్కడ, అంతసేపూ బిడ్డను ఎవరు చూస్తారు, మూడూ రాయాలి. బెడిసికొట్టేది మూడోదాని దగ్గరే. "సాయంత్రం వాకింగ్" అని రాస్తారు, పిల్లోణ్ణి పట్టుకునే మనిషి ఉండరు. అందుకే ఇంటాయన్నో అత్తనో ఒక సెషన్‌కు పిలిపించాలి. మనసు బాగున్నప్పుడు చేద్దామనుకున్నా అంతే సంగతులు. గడియారం చూసి చేయాలి.

ఆందోళన దగ్గర ఒక మెలిక ఉంది. "నా పెంపకం వల్లే ఇట్లయింది" అనేదాన్ని సాక్ష్యాలు పెట్టి పరీక్షించొచ్చు, పెంపకం వల్ల ఆటిజం రాదు. "నేను పోతే వీణ్ణెవరు చూస్తారు?" మాత్రం నిజమైన భయం. దాన్ని తప్పుడు ఆలోచన అని కొట్టేసే థెరపిస్టు దగ్గరికి ఆ తల్లి మళ్లీ రాదు, రానక్కర్లేదు కూడా! దాన్ని రెండుగా విడదీయాలి. చేయగలిగింది ఒకటి: బిడ్డకు 18 నిండాక గార్డియన్ కోసం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు. మిగిలిన దిగులుకు రోజూ సాయంత్రం 15 నిమిషాలు. వేరే వేళలో వస్తే "ఐదింటికి చూద్దాం" అని చీటీ మీద రాసి పక్కన పెట్టాలి. పడుకునే ముందు వద్దు, నిద్ర చెడుతుంది.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. డిప్రెషన్ ముదిరితే మాత్రలు కూడా కావాలి, సొంతంగా ఆపొద్దు. కొన్ని సెషన్లయినా స్కోరు కదలకపోతే పద్ధతి మార్చమని అడగండి. కర్నూలు, కడప, అనంతపురం పెద్దాసుపత్రులకు బిడ్డను తీసుకుపోయిన రోజే సైకియాట్రీకి అమ్మ పేరు మీద వేరే చీటీ రాయించండి. అంత దూరం పోలేకపోతే టెలీ మానస్ ఉంది, మనసు బాధలకు సర్కారు ఫోన్ లైను, 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రయినా ఎత్తుతారు.